తెలియదన్న గడి

ఉదయలక్ష్మి మేడానికి ఖాళీ అంటే గిట్టదు. ఫ్రిజ్‌లో ఖాళీ చోటు కనబడితే అందులో కొత్తిమీర కట్టయినా కూరుతుంది. మెట్రోలో పక్క సీటు ఖాళీగా ఉంటే దూరంగా నిలబడ్డవాళ్లను కేకేసి మరీ కూర్చోబెడుతుంది. ఇక ఆన్సర్ షీటులో ఖాళీ గడి కనబడిందా, ఆవిడకు పూనకమే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పినన్నాళ్లూ పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఒక్కటే మాట: "ఎంసెట్‌కి నెగెటివ్ మార్కుల్లేవర్రా! తెలిస్తే తెలిసింది పెట్టండి, తెలియకపోతే తోచింది పెట్టండి. గడి ఖాళీగా వదిలేవాడు నా క్లాసుకి రానక్కర్లేదు."

ఈ మాట పట్టుకుని ఇంజనీర్లయినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తోచింది పెట్టి గట్టెక్కినవాళ్లు కట్టిన వంతెనల మీద మనం తిరుగుతున్నామని తలచుకుంటే కాస్త భయం వేస్తుంది గానీ, ఆ సంగతి ఇప్పుడెందుకు.

చదువులు ఫోన్లలోకి వెళ్లిపోయాక ఆ సెంటర్ మూతపడింది. కింద చీరల షాపు, పైన మూడో అంతస్తులో అదే హాలు. దాన్ని వంశీకృష్ణ అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టాడు. వంశీ ఒకప్పుడు ఆ హాల్లోనే కూర్చుని మేడం చేత మొట్టికాయలు తిన్నవాడు. బెంచీలు తీసేసి కంప్యూటర్లు పెట్టాడు గానీ తెల్లబోర్డు మాత్రం తియ్యలేదు. భర్త పోయి, పాఠాలూ పోయి ఎల్బీనగర్ ఫ్లాట్‌లో గోడలతో పోట్లాడుకుంటున్న మేడాన్ని వెతుక్కుంటూ వెళ్లి, "మీరొచ్చి మా పిల్లల తప్పులు పట్టండి మేడం, అదే ఉద్యోగం" అన్నాడు. తప్పులు పట్టడమంటే ఆవిడకు పండగ. మర్నాడే వచ్చేసింది.

అక్కడ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. విదేశాల నుంచి వీడియోలు వస్తాయి. వాటిని ఎక్కడికక్కడ ఆపి, కనబడే ప్రతిదాని చుట్టూ మౌసుతో ఒక డబ్బా గీసి, అదేమిటో పేరు పెట్టాలి. ఇది కారు, ఇది కుక్క, ఇది చెట్టు. అలాంటి డబ్బాలు లక్షల్లో చూసి చూసి మెషీన్ తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. చంటిపిల్లకు ఇది కాకి, ఇది పిచ్చుక అని చూపిస్తాం చూడండి, అదే పని.

మొదట్లో కార్లూ, రోడ్ల మీద గుంతలూ వచ్చేవి. పోయిన ఎండాకాలం నుంచి మనుషులు రావడం మొదలైంది. ఆకాశంలోంచి డ్రోన్ తీసిన బూడిదరంగు వీడియోలు. చప్పుడుండదు. కూలిన గోడలు, కప్పులు లేచిపోయిన ఇళ్లు, వాటి మధ్య చిన్న చిన్న మనుషులు. ఒక్కొక్క మనిషి చుట్టూ డబ్బా గీసి మూడు గడుల్లో ఒకటి నొక్కాలి. ఆర్మ్‌డ్ అంటే ఆయుధమున్నవాడు, అది నొక్కితే డబ్బా ఎర్రగా మారుతుంది. సివిలియన్ అంటే మామూలు మనిషి. అన్‌క్లియర్ అంటే తెలియదు. ఏ దేశమో, ఎవరికోసమో ఎవరూ చెప్పలేదు. "సెక్యూరిటీ ప్రాజెక్ట్" అన్నాడు వంశీ. అది యుద్ధమని హాల్లో అందరికీ తెలుసు. అడిగితే ఎక్కడ జవాబు వస్తుందోనని ఎవరూ అడగలేదు.

ఎన్ని వీడియోలు వచ్చినా ఆ ఆఫీసు నుంచి అన్‌క్లియర్ అన్నది ఒక్కటీ వెళ్లేది కాదు. మేడం శిక్షణ మరి! తెల్లబోర్డు మీద ఆవిడే పెద్దక్షరాలతో రాసింది, "గడి ఖాళీ వదలొద్దు" అని. తెలియదన్న గడి ఆవిడ దృష్టిలో ఖాళీయే, పేరొక్కటే మారింది. మిగతా ఊళ్లలోని ఆఫీసులకన్నా మీ పని నిక్కచ్చిగా ఉందని పై కంపెనీ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టింది. వంశీ అందరికీ బిర్యానీ తెప్పించాడు. మేడం ఒక ముక్క ఎక్కువే వేసుకుంది.

ఒక గురువారం మధ్యాహ్నం ఏంజెల్ దగ్గర చిక్కొచ్చిపడింది.

ఏంజెల్‌ది మీర్‌పేట్. ఆ ఆఫీసులో అందరికన్నా వేగంగా గీసే పిల్ల. ప్రతి వీడియోనూ ముగ్గురు విడివిడిగా చూస్తారు. ముగ్గురి మాటా కలిస్తే సరే, కలవకపోతే మేడం చూసి తేలుస్తుంది. ఆ రోజు ఒక వీడియోకి ఇద్దరు ఆర్మ్‌డ్ అని పెట్టారు. ఏంజెల్ అన్‌క్లియర్ అని పెట్టింది. మేడం కుర్చీలోంచి లేచి ఆ పిల్ల వెనకాల నిలబడింది.

"ఏవిటే ఇది? ఖాళీ వదిలేశావ్?"

"ఖాళీ ఇడ్వలే మేడం. తెల్వదని పెట్టిన."

"రెండూ ఒకటే. వాళ్లిచ్చిన రూలేంటి? భుజం మీద పొడుగాటి వస్తువుంటే ఆర్మ్‌డ్. ఇదిగో నలుగురు మనుషులు, ఇదిగో భుజం, ఇదిగో పొడుగాటి వస్తువు. ఇంకేం కావాలి నీకు? దాని మీద తుపాకీ అని పేరు రాసుండాలా?"

పక్క సీట్లవాళ్లు నవ్వారు. ఏంజెల్ నవ్వలేదు.

"మేడం, మనం ఆపి ఆపి సూస్తం గద, గట్ల కాదు. ఆపకుండ మొత్తం నడిపిచ్చి సూడుండ్రి జర. నాకైతే గది తుపాకి లెక్క కనిపిస్తలేదు."

నిజమే, వీడియోను ఎవరూ నడిపించి చూడరు. ఆపడం, గీయడం, ముందుకు దూకడం. నడిపిస్తూ కూర్చుంటే పని తెమలదు. మేడం విసుక్కుంటూనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

కూలిన గోడల మధ్య సన్నటి దారి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, వాళ్ల భుజాల మీద పొడుగాటిదేదో. వెనకాల ఒక గుంపు. మొదట ఏమీ జరగలేదు. అంతలో గుంపులోంచి ఒకడు గబగబా ముందుకొచ్చి, మోస్తున్నవాడి పక్కన చేరి, తన భుజాన్ని దాని కింద దూర్చాడు. ఆ మోస్తున్నవాడు తప్పుకుని పక్కకు నిలబడి, గుంపు దాటేదాకా ఆగి, చివర్లో కలిశాడు. ఇంకొంచెం దూరం వెళ్లాక ఇంకొకడు వచ్చాడు. ఆ తర్వాత ఒక ముసలాయన. ఆయన్ని చూసి ఇద్దరు దారి ఇచ్చారు. ఎవరూ ఆగలేదు, మోస్తున్నది ఒరగలేదు.

మేడం వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. తుపాకీని ఎవరూ అలా పోటీలు పడి మోయరు. పాడెను మోస్తారు. మనవాళ్ల పాడె అయినా, కిరస్తానీల పెట్టైనా, సాయిబుల జనాజా అయినా అంతే. పోయినవాడికి ఒక్క పది అడుగులైనా భుజం ఇవ్వాలని వెనకున్నవాళ్లు ముందుకొస్తుంటారు. ఇది నేర్పితే వచ్చేది కాదు, ఊళ్లో ఒక్కసారి చావు చూసినవాడెవడికైనా తెలుసు.

"మా నాయనను గట్లనే మోసిన్రు మేడం," అంది ఏంజెల్ మెల్లగా. "గల్లీ మొత్తం భుజం పట్టింది."

"మరి సివిలియన్ అని పెట్టకపోయావా?"

"రూలు ఒద్దంటుంది గద. భయమైంది. గట్లని ఆర్మ్‌డ్ అని పెట్టనీకి చెయ్యి రాలే."

 ఉదయలక్ష్మి భర్త వెంకటేశ్వరరావు కరోనా రెండో విడతలో పోయాడు. దవాఖానా నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లారు. ప్లాస్టిక్ బట్టలు వేసుకున్న ఇద్దరు మున్సిపాలిటీవాళ్లు స్ట్రెచర్ మీద దించారు. చుట్టాలంతా బాల్కనీల్లో నిలబడి ఏడ్చారు. అది వాళ్ల తప్పు కాదు, రోజులు అలాంటివి. కానీ బతికినన్నాళ్లూ పదిమందికీ సాయపడ్డ మనిషికి ఒక్క భుజం దొరకలేదే అన్న బాధ ఆవిడను ఇప్పటికీ తెల్లవారుజామున లేపుతుంది. ఇక్కడ చూస్తే, ఇళ్లు కూలి, పైన డ్రోన్ తిరుగుతుంటే, ఆ మనుషులు ప్రాణాలకు తెగించి వచ్చి తమవాడికి భుజం మార్చుకుంటున్నారు. ఆవిడకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది, దాచుకోలేదు.

తర్వాత ఆవిడ కళ్లు ఆ మిగతా ఇద్దరూ గీసిన డబ్బాల మీద పడ్డాయి. మోసేవాళ్ల చుట్టూ ఎర్ర డబ్బాలు. ముసలాయన చుట్టూ కూడా ఎర్ర డబ్బా. ఈ పాడె మీద బాంబేమైనా పడిందో లేదో ఆవిడకు తెలియదు. కానీ మెషీన్ ఇది చూసి నేర్చుకుంటుంది. రేపు ఎక్కడైనా నలుగురు తమవాడిని మోసుకెళుతుంటే, పైనుంచి చూసి, ఇదిగో ఎరుపు అంటుంది. అలా చెప్పమని నేర్పింది దిల్‌సుఖ్‌నగర్ మూడో అంతస్తు.

ఆవిడ లేచి హాలు మధ్యలోకి వచ్చింది. "అందరూ చేతులాపండర్రా. నిజం చెప్పండి, నేనేమీ అనను. ఇన్నాళ్లూ తెలియక తోచింది పెట్టినవాళ్లు ఎవరెవరు?"

 ముందు ఒక చెయ్యి లేచింది. ఆ తర్వాత హాలంతా లేచింది.

"మీరే గద మేడం ఖాళీ ఇడ్సిపెట్టొద్దన్నది," అన్నాడు వెనక సీటులోంచి జోయల్. అల్మాస్‌గూడ కుర్రాడు, మాట దాచుకోవడం రాదు.

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఆవిడ తిన్నగా వంశీ అద్దాల గదిలోకి నడిచింది.

వంశీ అంతా విన్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు. అందుకే ఎక్కువసేపు వాదించాడు. "సరే మేడం, ఆ ఒక్క వీడియో సివిలియన్ అని మార్చేయండి. అయిపోతుంది కదా."

"ఆ ఒక్కటేనా? ఇప్పటిదాకా పంపినవాటిలో ఎన్ని పాడెలున్నాయో, ఎన్ని పెళ్లి పందిళ్ల గుంజలున్నాయో ఎవరికి తెలుసు? తెలియదన్న మాటే రాకుండా పంపాం. వాళ్లు దాన్ని నిక్కచ్చి అనుకున్నారు. మెయిల్ పెడదాం. మేం పంపినవాటిలో సగం ఊహలు, వాటిని నమ్మొద్దు, మెషీన్‌కి నేర్పొద్దు అని."

"కాంట్రాక్ట్ పోతుంది మేడం. ఇంత పెద్ద పని మనకి మళ్లీ రాదు. ఈ పిల్లలంతా ఏమైపోతారు?" వంశీ గొంతు తగ్గించాడు. "అయినా మనం డబ్బాలు గీస్తున్నాం, బాంబులు వేస్తున్నామా?"

"తిలాపాపం తలా పిడికెడు అంటారు నాన్నా. పంచుకుంటే తేలికవుతుందనుకుని అందరం తలా కాస్తా పట్టుకున్నాం. పైలట్టు ఒక పిడికెడు, మెషీన్ ఒక పిడికెడు, నువ్వో పిడికెడు. నా పిడికిట్లో ఏముందో ఇవాళ చూసుకున్నాను."

"మనం మానేస్తే ఇంకో ఊళ్లో ఇంకొకళ్లు గీస్తారు."

"గీస్తే గీయనీ. వాళ్ల చేతికి వాళ్లు జవాబు చెప్పుకుంటారు. ఇది నా చెయ్యి."

 "మీరు మానేస్తానంటే ఆపలేను మేడం. ఇంటికెళ్లి హాయిగా ఉండండి, మీకెవరూ అడ్డు లేరు. ఆ మెయిల్ మాత్రం వద్దు."

అది సుళువైన దారే. మర్యాదగా రాజీనామా ఇచ్చి, మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, చేతులు కడుక్కుని అన్నం తినొచ్చు. ఆవిడకు ఒక్క క్షణం ఆశ కలిగిన మాట నిజం. ఆవిడా మనిషే.

"నేను మానేస్తే నా మనసుకి బాగుంటుంది. కానీ నేను నేర్పింది మెషీన్‌లోంచి మానేస్తుందా?" అని బయటికొచ్చేసింది.

హాల్లో అందరూ ఆవిడ ముఖమే చూస్తున్నారు. ఆవిడ తెల్లబోర్డు దగ్గరికెళ్లి, తను రాసిందాన్ని తనే డస్టర్‌తో తుడిచింది. పాతబడ్డ రాత, ఒక పట్టాన పోలేదు. నీళ్లు చల్లి మరీ రుద్దింది.

"ఈ పరీక్షకి నెగెటివ్ మార్కులున్నాయర్రా," అంది వెనక్కి తిరిగి. "పడేది మనకి కాదు కాబట్టి మనకి కనబడలేదు. సాయంత్రం పంపాల్సిన వీడియోలు ఇంకా మన దగ్గరే ఉన్నాయి. మొత్తం నడిపించి చూడండి. కనబడింది కనబడినట్టు పెట్టండి. తెలియకపోతే తెలియదనే పెట్టండి, సిగ్గుపడక్కర్లేదు. ఇలా పంపితే మన పని పోవచ్చు. అందుకని ఎవర్నీ బలవంతపెట్టను. ఇష్టం లేనివాళ్లు చెయ్యొద్దు, నేనేమీ అనుకోను. నిజంగానే అనుకోను."

ఏంజెల్ అప్పటికే మొదలుపెట్టేసింది. ఒక్కొక్కరే కుర్చీలు సర్దుకున్నారు. జోయల్ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మా ఇంటి కిరాయి నా జీతమే మేడం," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. "అమ్మకు షుగర్. పరేషాన్‌ల ఉన్నం."

"తెలుసు నాన్నా. కూర్చో." మేడం వాడి భుజం మీద చెయ్యి వేసి ముందుకు వెళ్లిపోయింది. పాత మేడమైతే ఆ పాటికి ఒక ఉపన్యాసం దంచేసి ఉండేది.

ఆ మధ్యాహ్నం ఆ హాల్లో కొత్త మాటలు వినబడ్డాయి. "అరే, గీమె చేతిల బిందె ఉందిరా!" "ఇది కర్ర కాదు, చంకకర్ర. కుంటుతున్నాడు చూడు." "ఇది నాకైతే సమజైతలేదు, తెల్వదని పెడ్తున్న." ఆయుధాలున్నవాళ్లూ కనబడ్డారు, అలాగే పెట్టారు.  ఇన్నాళ్లూ చుక్కల్లా కనబడ్డవాళ్లకు నడక వచ్చింది, తొందర వచ్చింది, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకోవడం వచ్చింది. పని రోజూకన్నా నెమ్మదిగా సాగింది. అలసట మాత్రం ఎవరి ముఖంలోనూ లేదు. ఏదో బరువు దిగినట్టుంది అందరికీ.

మేడం తన కంప్యూటర్లో మెయిల్ రాసింది. ఇంగ్లీషు తనకు వచ్చినంతలో రాసింది, పూలూ కాయలూ పెట్టలేదు. ఇంతవరకూ పంపిన పనిలో తెలియనిచోట ఊహించి పెట్టామనీ, అలా చెయ్యమని నేర్పింది తానేననీ, దాన్ని వాడవద్దనీ, భుజం మీద పొడుగాటిదల్లా ఆయుధమన్న రూలు తప్పనీ రాసింది. పాడెను ఎలా మోస్తారో, భుజం ఎలా మార్చుకుంటారో కూడా రాసింది. ఆ మాట ఇంగ్లీషులో పెట్టడానికి చాలా తిప్పలు పడింది. కింద తన పేరు పెట్టింది.

పంపబోతుండగా వంశీ గదిలోంచి బయటికొచ్చాడు. మేడం దగ్గరికి రాలేదు. ఏంజెల్ పక్కన నిలబడి, "ఆ వీడియో ఏది?" అన్నాడు. ఏంజెల్ కుర్చీ ఇచ్చింది. కూర్చుని చూశాడు. హాల్లో మౌసుల చప్పుడు ఆగిపోయింది.

"మేడం," అన్నాడు కాసేపటికి, పాత అలవాటు కొద్దీ తల తిప్పి. "ఏం పెట్టాలి దీనికి?"

"నన్నడక్కు. అందరూ నన్నడిగి పెట్టబట్టే ఇంతదాకా వచ్చింది. నువ్వేం చూశావో అది పెట్టు."

వంశీ మళ్లీ నడిపించాడు. ముసలాయన ముందుకు రావడం, ఇద్దరు దారి ఇవ్వడం దగ్గర ఆపలేదు, చివరిదాకా పోనిచ్చాడు. మీసం మీద చెమట తుడుచుకున్నాడు. "వీళ్లు ఎవర్నో సాగనంపుతున్నారు," అన్నాడు. సివిలియన్ అన్న గడి నొక్కాడు. ఒక్కొక్క డబ్బాకీ విడిగా, అందరికీ నొక్కాడు.

తర్వాత మేడం దగ్గరికొచ్చి మెయిల్ చదివాడు. "మీ ఒక్కరి పేరే ఉందేంటి?"

"నేర్పింది నేను కాబట్టి."

"డబ్బు తీసుకుంది నేను." అని వంగి, ఆవిడ పేరు కింద తన పేరు టైపు కొట్టాడు. "రేపు అందరూ రండి," అన్నాడు హాలు వైపు తిరిగి. "బాటసింగారం పండ్ల మార్కెట్ వాళ్లు మామిడికాయల ఫొటోల్లో డబ్బాలు గీసిపెట్టమని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. పైసలు తక్కువని నేనే పట్టించుకోలేదు. కొన్నాళ్లు కష్టంగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. మీ జీతాలు నిలబెట్టడానికి నేను చెయ్యగలిగిందంతా చేస్తాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది సినిమా కాదు కదా. ఏంజెల్ లేచి వచ్చి మేడం పక్కనుంచి చెయ్యి చాపి తన పేరు కొట్టింది. ఆ వెనక ఇంకొకమ్మాయి. ఒకళ్లు రాసి పక్కకు తప్పుకుంటే ఇంకొకళ్లు వచ్చారు. మేడం కుర్చీలో కదలకుండా కూర్చుంది.  ఇంతమంది ఉన్నారా నాకు, అనుకుంది.

ఇక అయిపోయిందనుకుని ఆవిడ మౌసు మీద చెయ్యి వేసింది. అప్పుడు వెనక సీటు కుర్చీ చప్పుడైంది. జోయల్ కుర్చీల సందులోంచి గబగబా నడిచొచ్చాడు.

"జర జరుగుండ్రి," అని ఏంజెల్‌ని పక్కకు తప్పించి, వంగి, అన్నిటికన్నా కింద తన పేరు కొట్టాడు.